ముడి పట్టి చూడని ఆదివారం

"ఏం కాంగ్, ముడి పట్టుకుంటున్నారా, పాము తోక పట్టుకుంటున్నారా?"

విదూరి గిలాంగ్‌తో అన్న మొట్టమొదటి మాట అది. పోనీ మెల్లగా అందా అంటే అదీ లేదు. ఆ ఆదివారం పొద్దున మనుక్ కొండ కింద ఉన్న పాతికమందికీ వినపడేట్టు అంది. ఎవరో కిసుక్కుమన్నారు. టీకొట్లో కూరగాయల బజ్జీలు వేయిస్తున్న బీ ఎంతిన్ గరిటె ఆపి మరీ తొంగి చూసింది.

గిలాంగ్ చెవులు ఎర్రగా కందిపోయాయి. పాపం, అతని తప్పేం ఉంది? ఆ కొండ దగ్గర పద్ధతే అంత. ఎక్కేవాళ్ళు తాడు కొసని తమ నడుం పట్టీకి ముడేసుకుంటారు. కింద నిలబడి తాడు పట్టేవాళ్ళు ఆ ముడిని చేత్తో పట్టి గట్టిగా ఒక్క గుంజు గుంజి చూడాలి. కళ్ళతో చూస్తే చెల్లదు. గుంజాకే ఎక్కేవాళ్ళ కాలు రాతిమీద పడాలి. ఆ సున్నపురాతి గోడమీద ముప్ఫయ్యేళ్ళుగా కుర్రకారుకి ఎక్కడం నేర్పుతున్న మాంగ్ ఓతాంగ్ పెట్టిన రూలు అది. ఆయన బీ ఎంతిన్ మొగుడు, కొండకి వచ్చే వాళ్ళందరికీ ఆయన మాంగ్, అంటే బాబాయి; ఆవిడ బీ, అంటే పిన్ని. రూలు తప్పితే మాత్రం బాబాయీ లేదు, అబ్బాయీ లేదు.

బాండుంగ్‌లో ట్రెక్కింగ్ బ్యాగులు కుట్టే కార్ఖానాలో గిలాంగ్‌కి పని. ఆదివారం వస్తే కొండమీదే ఉంటాడు. పదేళ్ళలో ఎన్ని వందల ముళ్ళు గుంజాడో లెక్కలేదు. కానీ అవన్నీ మగాళ్ళ నడుముల దగ్గరవి. ఆడపిల్ల ముడి గుంజాల్సి రావడం ఇదే మొదలు. అందుకని ఆకాశంలోకి చూస్తూ, రెండు వేళ్ళ చివరలతో, వేడి పెనాన్ని ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు.

"గుంజండి కాంగ్! ముట్టుకుంటే ఏం తెలుస్తుంది?" అంది విదూరి మళ్ళీ.

గుంజాడు. కంగారులో కాస్త గట్టిగానే గుంజాడు. ఆ పిల్ల ఒక అడుగు ముందుకి తూలి, అతని గుండెకి గుద్దుకోబోయి ఆగింది. ఇద్దరూ ఒక్కసారే "సారీ" అన్నారు. గిలాంగ్‌కి ఆ పూట తాడు పట్టిన చేతులు మధ్యాహ్నం దాకా తనవి కానట్టే ఉన్నాయి.

విదూరి అంటే అక్కడివాళ్ళ భాషలో జిల్లేడు పువ్వు. పేరు పెట్టినవాళ్ళకి ముందే తెలిసినట్టుంది. చూడటానికి పువ్వే. గిల్లితే మాత్రం పాలు కళ్ళలో పడతాయి. ఊళ్ళో మందుల షాపులో ఆమె పని. డాక్టరు చీటీ రెండుసార్లు చదివాక గానీ మాత్ర చేతికివ్వదు. వెనక క్యూలో ఎంతమంది సణిగినా సరే, రెండుసార్లే.

ఆ రోజు మాంగ్ ఓతాంగ్ వాళ్ళిద్దర్నీ చూసి, గడ్డం గోక్కుని, విదూరితో, "నెంగ్, అమ్మాయీ, ఇవాళ్టి నుంచి నీ తాడు గిలాంగ్ పడతాడు" అనేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన్ని ఎవరూ ఎందుకని అడగరు. "పైనున్న మనిషికి ముందు పని చెప్పాలి. కారణం కిందికి దిగాక చెప్పాలి" అన్నది ఆయన రెండో రూలు. కింద ఉన్నవాళ్ళకి కూడా ఆయన అదే వర్తింపజేసేవాడు.

మూడో ఆదివారానికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. కాంగ్ మాత్రం పోలేదు. అక్కడ ఆడపిల్లలు తమకన్నా కాస్త పెద్ద కుర్రాళ్ళని కాంగ్ అనే పిలుస్తారు. పెళ్ళయ్యాక మొగుణ్ణీ అలాగే పిలుస్తారు. ఆ రెండో సంగతి గుర్తొచ్చినప్పుడల్లా గిలాంగ్ కుట్టు మిషన్ దగ్గర దారం తెగేది.

ఐదో ఆదివారం వాన వచ్చింది. అక్కడి వాన చెప్పి రాదు. ఎదురుగా సున్నపు బట్టీల పొగ కనబడుతూనే ఉంటుంది, మరుక్షణం బట్టీలూ ఉండవు, కొండా ఉండదు, అంతా నీళ్ళే. ఇద్దరూ ముందుకి పొడుచుకొచ్చిన రాయి కింద దూరారు. మధ్యలో వేడి బజ్జీల పొట్లం, పచ్చిమిరపకాయలు.

"రోజంతా చీటీలు చదివీ చదివీ, మనుషుల మొహాలు కూడా చీటీల్లాగే కనిపిస్తున్నాయి కాంగ్."

"అయితే నా మొహంలో ఏం రాసుందో చదువు."

విదూరి తల వంచి చూసింది. ఆ పక్కనుంచి ఇంకోసారి చూసింది. గిలాంగ్‌కి నోట్లో మిరపకాయ కారం కూడా తెలియలేదు.

"డాక్టరు చేతిరాత" అంది. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

అర్థమయ్యేట్టు చెప్పాలని గిలాంగ్‌కి మాత్రం ఉండదా? ఆదివారం ఆదివారం అనుకునేవాడు. ఇవాళ చెప్పేస్తా. ముడి గుంజేటప్పుడు చెప్పేస్తా. తీరా ముడి చేతికొచ్చేసరికి నోరు మూతపడేది. పద్నాలుగో ఆదివారం దాకా ఇదే వరస.

ఆ పద్నాలుగో ఆదివారమే కొంప మునిగినంత పనైంది.

పొద్దున్నే బీ ఎంతిన్ టీ అందిస్తూ, "విన్నావా పిల్లా, గిలాంగ్ వాళ్ళింట్లో వచ్చేనెల నిశ్చితార్థమట. పళ్ళేలు కూడా సర్దుకుంటున్నారట" అంది విదూరితో. ఎవరిదో చెప్పలేదు. ఆవిడకే సగం తెలుసు.

విదూరి టీ తాగలేదు. తిన్నగా గోడ దగ్గరికి వచ్చి నడుం పట్టీ బిగించుకుంది. తాడుకి మొదటి మెలిక వేసి, ఎర్ర టేపు చుట్టిన కొసని పట్టీలోంచి దూర్చింది. ఆ కొసని వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి అల్లాలి. అప్పుడే అది ముడి. సరిగ్గా అక్కడ చెయ్యి ఆపి అడిగింది.

"మీ ఇంట్లో నిశ్చితార్థమట?"

"అవును, వచ్చేనెల. అమ్మ నిన్ను కూడా తీసుకురమ్మంది."

"నన్నా? నేనెందుకు కాంగ్? పళ్ళేలు మొయ్యడానికా?"

"మోస్తే మంచిదే, మనుషులు తక్కువున్నారు" అన్నాడు మనవాడు. ఏం మనిషండీ! తమ్ముడి నిశ్చితార్థమని ఒక్క మాట అంటే ఏం పోయింది? వాళ్ళ వీధిలో అందరికీ తెలుసు కదా, ఈమెకీ తెలుసనుకున్నాడు.

విదూరి మొహం తెల్లగా పాలిపోయింది. "ఇన్ని ఆదివారాలు ఒక్క మాట చెప్పలేదు."

"అదేమన్నా చెప్పుకోవాల్సిన సంగతా?"

"కాదులే. నాకెందుకు చెప్తావు? నేనెవర్ని?" అని చొక్కా కిందికి లాక్కుని, గోడవైపు తిరిగింది. "ఎక్కుతున్నా."

గిలాంగ్‌కి ఏమీ అర్థం కాలేదు. ముడి గుంజాలి. చెయ్యి సగం దాకా వెళ్ళింది. అలిగి అటు తిరిగిన ఆడపిల్ల నడుం దగ్గరికి ఏ మొహం పెట్టుకుని చెయ్యి పోనిస్తాడు? రెండుసార్లు చూసుకునే పిల్ల, ముడి తప్పుతుందా అనుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, "ఎక్కు" అన్నాడు.

పదేళ్ళలో గుంజకుండా వదిలేసిన ముడి అదొక్కటే.

ఆ రోజు విదూరి ఎక్కిన తీరు చూసి జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. కోపంలో ఉన్న మనిషికి బరువుండదేమో! రాతిలో దిగేసిన ఒక్కో బోల్టుకీ కొక్కెం తగిలించి, అందులో తాడు పడేసి, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా కాలు జారకుండా ఏడంతస్తుల ఎత్తు పోయింది. చివర రాతికి బిగించిన గొలుసు దగ్గర అరచెయ్యి వెడల్పు అరుగు ఉంది. దానిమీద నిలబడి గొలుసులో తాడు తగిలించింది. పడమటివైపు ఆకాశం అప్పటికే నల్లబడింది. గాలి లేచింది.

గాలికి ఆమె చొక్కా ఎగిరింది.

గిలాంగ్ కింద నుంచి చూశాడు. ఆమె మోకాలి పక్కన ఏదో ఎర్రగా ఊగుతోంది. పువ్వేమో అనుకున్నాడు. కాదు. ఎర్ర టేపు. తాడు కొస. ముడి పూర్తిగా పడి ఉంటే ఆ కొస జానెడు మించి ఉండకూడదు. ఇది మూరెడు వేలాడుతోంది.

అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. అది ముడి కాదు. పట్టీలోంచి ఊరికే దూర్చి వదిలేసిన తాడు. ఇంతసేపూ అది జారిపోకుండా ఉందంటే ఎవరు మొక్కుకున్న మొక్కో!

"బిగించు కాంగ్, దిగుతున్నా!" అని పైనుంచి కేక.

ఆ మాట వినగానే తాడు పట్టేవాడి చేతులు వాటంతటవే తాడు లాగుతాయి. గిలాంగ్ చేతులూ కదిలాయి. కదిలి, ఆగిపోయాయి. తాను తాడు లాగితే ఆ కొస సర్రున ఊడి వచ్చేస్తుంది. ఆమె తాడు ఉందనుకుని వెనక్కి వాలుతుంది. ఆపైన ఆలోచించలేకపోయాడు. తన చేతుల్ని చూసుకుంటే తనకే భయమేసింది.

"విదూరీ, వాలకు! స్లింగు గొలుసుకి తగిలించు!"

ఆమె నడుం పట్టీకి వేరేగా ఒక పొట్టి స్లింగు, కొసన లాకున్న కొక్కెంతో, వేలాడుతూనే ఉంది. దాన్ని గొలుసుకి తగిలిస్తే చాలు, తాడు లేకపోయినా పడదు.

"దేనికి? వాన వస్తోంది, బిగించు!"

"నా మాట విను, ముందు స్లింగు..."

"నీ మాటలు పొద్దున్నే విన్నాను చాలు! ఆ పళ్ళేలు అందుకునేదానికి చెప్పుకో!"

ముడి లేదని అరవచ్చు. అరిస్తే ఏం చేస్తుంది? ఉలిక్కిపడి కిందికి చూస్తుంది. చేతులు వదిలి ఆ కొస పట్టుకోబోతుంది. అరచెయ్యి వెడల్పు అరుగుమీద! ముందు పని చెప్పాలి, కారణం తర్వాత. సరే, పని చెప్పాడు. ఈ జిల్లేడు పువ్వు కారణం లేకుండా ఏ పనీ చెయ్యదే! విదూరి ఒక చెయ్యి రాతిమీది నుంచి తీసేసింది. మోకాళ్ళు వంచింది. వాలబోతోంది.

"నువ్వంటే నాకు ప్రేమ!" అని గావుకేక పెట్టాడు గిలాంగ్.

కొండంతా కొయ్యబారిపోయింది. పక్క దారిలో ఎక్కుతున్న కుర్రాడు రాయి కరుచుకుని ఉండిపోయాడు. బీ ఎంతిన్ చేతిలోని గరిటె నూనెలో పడింది. విదూరి ఉలిక్కిపడి రెండు చేతులతోనూ రాతిని గట్టిగా పట్టేసుకుంది. అదే కావాలి!

"ఏమన్నావు?"

"మొదటి ఆదివారం నుంచీ! పాము తోక అన్నావే, అప్పట్నుంచీ!"

"మరి నీ నిశ్చితార్థం?"

"నాది కాదు! మా తమ్ముడిది!"

"ఓరి దేవుడా!" అంది బీ ఎంతిన్ కింద. "ఎంత పని చేశాను!"

"జవాబు తర్వాత చెబుదువు గానీ, ముందు ఆ స్లింగు గొలుసుకి తగిలించు విదూరీ! బతిమాలుతున్నాను!"

విదూరి బొమ్మలా స్లింగు తీసి, గొలుసుకి తగిలించింది.

"లాకు తిప్పు."

తిప్పింది.

"తిప్పావా? రెండోసారి చూడు."

చూసింది. అప్పుడు గిలాంగ్ అక్కడే మోకాళ్ళమీద కూలబడ్డాడు. తాడు మాత్రం వదల్లేదు.

"ఇప్పుడు నీ ముడి చూసుకో" అన్నాడు.

విదూరి తల వంచింది. మొదటి చినుకు గిలాంగ్ నుదుటిమీద పడింది. పైన ఆమె ఎర్ర కొసని పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి అల్లి, ముడి పూర్తి చేసింది. గుంజి చూసుకుంది. మళ్ళీ గుంజి చూసుకుంది. ఆ తర్వాత గానీ స్లింగు తియ్యలేదు. గిలాంగ్ ఆమెను జానెడు జానెడుగా, పసిబిడ్డని ఉయ్యాల్లోంచి దించినట్టు దించాడు.

విదూరి నేలమీద కాలు పెట్టగానే బీ ఎంతిన్ పరుగున వచ్చి గుండెకి హత్తుకుంది. "నూరుమందికి మందులు చూసి ఇస్తాను పిన్నీ, నాది నేను చూసుకోలేదు" అని విదూరి వెక్కి వెక్కి ఏడ్చింది.

మాంగ్ ఓతాంగ్ గోడ అవతలి వైపు నుంచి వచ్చాడు. ఎవరి మీదా అరవలేదు. అరిచినా బాగుండేది. గిలాంగ్ ముందు నిలబడి, "గుంజావా?" అన్నాడు.

"లేదు మాంగ్."

ఆయన వంగి, గిలాంగ్ నడుం పట్టీకి ఉన్న, తాడు జారకుండా ఆపే బిళ్ళని తన చేత్తోనే విప్పి జేబులో వేసుకున్నాడు. "నెల రోజులు తాడు పట్టొద్దు" అని వెళ్ళిపోయాడు. గిలాంగ్‌కి ఆ శిక్ష తక్కువే అనిపించింది.

వానలో బస్సు కోసం నిలబడ్డ విదూరి దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"పైకి అరిచిన మాట... నన్ను ఆపడానికేనా కాంగ్?"

"తప్పు నాది విదూరీ. నేను గుంజలేదు."

"నేనడిగింది అది కాదు."

"ఆపడానికే వచ్చింది నోట్లోంచి. కానీ..."

"ప్రాణం మీదికొస్తే మనిషి ఏదైనా అంటాడు." ఆమె అతని మొహంలోకి చూడలేదు. "షాపులో రోజూ చూస్తాను. బిడ్డ జ్వరం తగ్గితే చాలు, ఇల్లు రాసిచ్చేస్తామంటారు. తగ్గాక కనపడరు. నీ తప్పేం లేదు. నా ప్రాణం కాపాడావు. ఆ ఋణం ఉంది. దానికోసం ఆ మాటకి నువ్వు కట్టుబడి ఉండక్కర్లేదు."

బస్సు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది. ఆ 'కానీ' తర్వాతి మాట గిలాంగ్ నోట్లోనే ఉండిపోయింది.

తర్వాతి నాలుగు ఆదివారాలూ అతను కొండకి వచ్చాడు. ఖాళీ చేతులతో. అందరి తాళ్ళూ చుట్టిపెట్టాడు, బూట్లకంటిన బురద కడిగాడు, బీ ఎంతిన్‌కి నీళ్ళు మోశాడు. విదూరి రాలేదు. మందుల షాపు వీధిలోకి రెండుసార్లు వెళ్ళి, గుమ్మం దాకా పోయి, తలనొప్పి మాత్ర కొనుక్కునే ధైర్యం కూడా లేక తిరిగొచ్చాడు. తాడు చుట్టేటప్పుడు ఎర్ర టేపు చేతికి తగిలితే చాలు, ఒళ్ళు ఝల్లుమనేది.

ఐదో ఆదివారం మాంగ్ ఓతాంగ్ జేబులోంచి తాడు బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టాడు. "ఎవరి తాడు పట్టాలి మాంగ్?" అని అడగబోయాడు గిలాంగ్. అంతలో వెనక నుంచి గొంతు వినిపించింది.

"నా తాడు పడతావా కాంగ్?"

గిలాంగ్ వెనక్కి తిరిగి, నిలువుగుడ్లు వేసుకుని చూస్తూ ఉండిపోయాడు. విదూరే. కాస్త చిక్కింది. నడుం పట్టీ బిగించుకుని, తాడు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

అతని కళ్ళముందే ముడి వేసింది. కొస దూర్చింది, వెనక్కి అల్లింది, బిగించింది. ఎర్ర టేపు జానెడు మిగిలింది.

"గుంజు."

ఈసారి గిలాంగ్ ఆకాశంలోకి చూడలేదు. ముడిని పిడికిలి నిండా పట్టుకుని, ఆమె కళ్ళలోకి చూస్తూ మూడుసార్లు గుంజాడు.

"ఇప్పుడు నేను నేలమీద ఉన్నాను కాంగ్" అంది విదూరి. "ముడి సరిగ్గా ఉంది. వాన లేదు. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. ఆ రోజు 'కానీ' దగ్గర ఆపేశావు. ఇప్పుడు చెప్పు. లేదంటే లేదని చెప్పు."

అయ్యో, ఆ నిమిషంలో గిలాంగ్ అవస్థ చూడాలి! ఏడంతస్తుల ఎత్తుకి వినపడేట్టు అరిచిన మనిషికి, మూరెడు దూరంలో ఉన్న పిల్లతో మాట పెగల్లేదు. కొండ కింద ఉన్నవాళ్ళందరూ పనులు మానేసి ఇటే చూస్తున్నారు.

"చెప్పు నాయనా, నూనె మాడిపోతోంది!" అని అరిచింది బీ ఎంతిన్.

"అది నిన్ను ఆపడానికి పుట్టించిన మాట కాదు విదూరీ" అన్నాడు గిలాంగ్ ఎలాగో. "పద్నాలుగు ఆదివారాలుగా నోటి చివర ఉన్న మాట. ఆ రోజు భయంతో ఊడిపడింది, అంతే. నువ్వంటే నాకు ప్రాణం. నీ ముడి ఇంక జన్మలో గుంజకుండా వదలను."

విదూరి కళ్ళు నిండాయి. అయినా కదల్లేదు.

"ఇంకోసారి చెప్పు. నేను ఏదైనా రెండుసార్లు చదువుతాను."

ఇంకోసారి చెప్పాడు. ఈసారి తడబడలేదు.

"సరే. ఎక్కుతున్నా" అని గోడవైపు తిరిగింది. అంతే! అవునని లేదు, కాదని లేదు. గిలాంగ్ తెల్లబోయాడు. అయినా చేతులు తాడు వదులుతూనే ఉన్నాయి. ఒక్కో బోల్టు దాటుతుంటే అతని గుండె కూడా ఒక్కో మెట్టు పైకి పోయింది. ఆమె అరుగుమీద నిలబడింది. గొలుసులో తాడు వేసింది. స్లింగు తగిలించింది. లాకు తిప్పింది. రెండోసారి చూసుకుంది. అప్పుడు కిందికి వంగి, కొండంతా మారుమోగేట్టు పిలిచింది.

"కాంగ్ గిలాంగ్!"

"ఆ!"

"వచ్చే ఆదివారం కొండకి రావద్దు! మీ అమ్మని తీసుకుని మా ఇంటికి రా! మా నాన్నకి చెప్పాను!"

"దేనికి?" అన్నాడు గిలాంగ్.

"ముందు పని చెప్పాలి! కారణం కిందికి దిగాక!"

కింద ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. మాంగ్ ఓతాంగ్ మొహం పక్కకి తిప్పుకుని గడ్డం గోక్కున్నాడు. గిలాంగ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు.

"ఏడుపు ఆపి బిగించు కాంగ్, దిగుతున్నా!" అని స్లింగు తీసేసి, ఇంకేం చూసుకోకుండా విదూరి వెనక్కి వాలింది.

తాడు బిగిసింది. ఆమె బరువంతా గిలాంగ్ చేతుల్లోకి వచ్చింది.

"పట్టుకున్నాను" అన్నాడు.